ప్రాణరక్షణ శిక్షణలో అందరికీ చోటున్నదా?

ఆపద వేళ చూచి రాదు, మనిషిని చూచి అసలే రాదు. గుండె ఆగి కూలినవారిని, రహదారిపై గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చేలోపల బ్రతికించుకొనే విద్యయే అత్యవసర వైద్య సేవ. 2005 ఆగస్టు 15న తెలుగునాట 108 వాహనాలు బయలుదేరిన నాటినుండి ఈ సేవ మనకు సుపరిచితమైనది. అయితే వాహనంలో వచ్చేవారు ఏ స్థితిలో ఏ చికిత్స చేయవలెనో ముందుగా నిర్ణయించి, వారికి తర్ఫీదునిచ్చే వైద్యులు వెనుక ఉంటారన్న సంగతి మనలో అనేకులకు తెలియదు. అమెరికాలో ఈ పని ఒక ప్రత్యేక వైద్యశాఖగా రూపొందినది. ఆ శాఖలో శిక్షణ పొందేవారిలో స్త్రీలకు, నల్లజాతివారికి ఎంత చోటున్నదో ఈ వ్యాసంలో పరిశీలింతము.

ముందుగా కొంత చరిత్ర చెప్పుకొనవలసియున్నది. 1960వ దశకంలో పిట్స్‌బర్గ్ నగరంలో రోగులను పోలీసు బండ్లలో ఆసుపత్రికి తరలించేవారు. దారిలో చికిత్స అన్న మాటే లేదు. 1967లో డాక్టర్ పీటర్ సఫార్ ప్రభృతుల ప్రోత్సాహంతో, నల్లజాతివారు నివసించే హిల్ డిస్ట్రిక్ట్‌లో ఫ్రీడం హౌస్ అనే అంబులెన్సు సేవ అంకురించినది. ఉద్యోగాలు లేని నల్లజాతి యువకులకు సుమారు 300 గంటల శిక్షణనిచ్చి, నేటి పారామెడిక్‌లకు మార్గదర్శకులనదగినవారిగా తీర్చిదిద్దారు. 1970వ దశకం మధ్యలో ఆ సంస్థకు వైద్య సంచాలకురాలైన డాక్టర్ నాన్సీ కారొలిన్ తదనంతరం పారామెడిక్‌లకు ప్రామాణికమైన పాఠ్యగ్రంథం రచించినది. కాని 1975లో నగరపాలక సంస్థ సొంత సేవను నెలకొల్పగా ఫ్రీడం హౌస్ మూతపడినది. అందులోని అనుభవజ్ఞులలో అనేకులు కొత్త వ్యవస్థలో నిలువలేకపోయారు. ఈ విద్యకు పునాది వేసినవారిలో నల్లజాతివారూ ఒక స్త్రీయూ ఉన్నారు. ఆ పునాదిపై లేచిన భవనంలో మాత్రం వారి వారసులు కొద్దిమందే.

దీనికి కారణం ఆ భవనపు మెట్లలోనే ఉన్నది. ఆ దేశంలో కళాశాల చదువు నాలుగేండ్లు, వైద్యవిద్య నాలుగేండ్లు, అత్యవసర వైద్యంలో రెసిడెన్సీ మూడు లేక నాలుగేండ్లు. అటుపిమ్మట అత్యవసర వైద్య సేవలలో ఒక సంవత్సరం ఫెలోషిప్. 2010లో ఇది అధికారికంగా ఉపశాఖగా గుర్తింపు పొందినది. తొలి అర్హత పరీక్ష 2013లో జరిగినది. ప్రతి మెట్టు వద్దను కొందరు వెనుకబడిపోతారు. 1910లో వెలువడిన ఫ్లెక్స్‌నర్ నివేదిక నాటి ఏడు నల్లజాతి వైద్య కళాశాలలలో రెండింటినే నిలుపదగినవన్నది. తక్కిన ఐదును క్రమంగా మూతపడినవి. నేటికిని జనాభాలో నూటికి సుమారు 13 మంది నల్లజాతివారు కాగా, వైద్యులలో నూటికి ఐదారుగురే. 2023లో ఆ దేశపు సుప్రీంకోర్టు కళాశాల ప్రవేశాలలో జాతిని లెక్కలోనికి తీసికొనరాదని తీర్పు చెప్పిన పిమ్మట ఈ కొరత తీరే మార్గం మరింత కఠినమైనది.

స్త్రీల కథ వేరు. 2019 నాటికి వైద్య విద్యార్థులలో వారే సగానికి మించినారు. అయినను అత్యవసర వైద్యంలో పురుషులదే ఆధిక్యం. అగ్నిమాపక దళాలతో, సైనిక సంప్రదాయాలతో ముడిపడి పెరిగిన రంగం గనుక, దారి చూపే స్త్రీ గురువులు అరుదు. ఫెలోషిప్ సంవత్సరంలో జీతం తక్కువ. చదువు అప్పులు మోసేవారికి ఆ ఒక్క ఏడాదియు భారమే.

ఇందువలన నష్టమేమని పాఠకులు అడుగవచ్చును. రెండు ఉదాహరణలు చాలును. వ్రేలికి తగిలించి రక్తంలోని ప్రాణవాయువును కొలిచే పల్స్ ఆక్సీమీటరు 92 నుండి 96 వరకు చూపినప్పుడు, వాస్తవంగా 88 కంటె తక్కువ ఉన్నవారు తెల్లజాతి రోగులలో నూటికి సుమారు నలుగురు, నల్లజాతి రోగులలో సుమారు పన్నెండుగురు అని 2020లో ప్రకటితమైన ఒక అధ్యయనం తేల్చినది. చర్మపు వర్ణం పరికరాన్ని మోసగించినది. బహిరంగ స్థలంలో గుండె ఆగినవారికి చూపరులు ఛాతీ నొక్కి సాయపడుటలోను తేడా ఉన్నదని 2018లో మరొక అధ్యయనం తెలిపినది: పురుషులకు నూటికి 45 మందికి, స్త్రీలకు 39 మందికి మాత్రమే ఆ సాయం అందినది. స్త్రీ శరీరాన్ని తాకుటకు సంకోచమే ఇందుకొక కారణమని భావిస్తున్నారు.

తెల్లజాతి పురుష వైద్యుడు ఇతరులకు చికిత్స చేయలేడని మేము అనుట లేదు. విద్య ఎవరి సొత్తును కాదు. కాని నియమాలను వ్రాసే గదిలో భిన్నమైన అనుభవం గలవారు కూర్చున్నప్పుడు, "ఈ పరికరం అందరిపైనను పరీక్షింపబడినదా? శిక్షణకు వాడే బొమ్మ ఎల్లప్పుడు పురుషుడే ఎందుకు?" అనే ప్రశ్నలు ముందుగానే పుడతాయి. అట్టి ప్రశ్న ఆలస్యమైనచో ఆ మూల్యాన్ని రోగి చెల్లించును.

చదువుకు దూరంగా ఉంచబడినవారికి అవకాశమిచ్చినచో ఏమి సాధింపగలరో ఫ్రీడం హౌస్ యువకులు ఏనాడో నిరూపించారు. ఇక మిగిలినది ప్రతి మెట్టు వద్దను చేయి అందించుటయే. మన విద్యార్థినీ విద్యార్థులలో ఎవరైనను రేపు వైద్యవిద్యలో అడుగిడినచో, తాము ఎక్కిన మెట్టు వద్ద ఎవరు ఆగిపోయినారో ఒక్కసారి వెనుదిరిగి చూడవలెనని మా కోరిక.