అప్‌లోడ్‌కు ముందే సరిచూసుకోండి!

ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు పోర్టల్‌లో పెట్టేస్తే పనైపోయినట్టేనా? కాదు. మీ రాత ఇతరుల రచనలతో ఎంత శాతం కలిసిందో సాఫ్ట్‌వేర్ లెక్కతీస్తుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పీజీ, పీహెచ్‌డీ థీసిస్‌లలో పోలిక 10 శాతంలోపైతే ఇబ్బంది లేదు. 10-40 అయితే 6 నెలల్లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి. 40-60 అయితే ఏడాదిపాటు సవరించి ఇచ్చినా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు!

బీటెక్, డిగ్రీ విద్యార్థులు తమ కాలేజీ పరిమితి ఎంతో గైడ్‌ని ముందే అడగాలి. సీనియర్ల రిపోర్టు కాపీ కొడదామనుకోవద్దు. అది సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంటే ఇట్టే దొరికిపోతారు. ఇతరుల మాటలు వాడితే ఎవరివో రాయండి. ఆఖరి రోజు సర్వర్ మొరాయించొచ్చు. రెండ్రోజుల ముందే అప్‌లోడ్ చేసి, రసీదు స్క్రీన్‌షాట్ దాచుకోండి.