టర్బో కారుకు తగిన కందెన

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్నది మన సామెత. ఎద్దుబండి ఇరుసు మెల్లగా తిరుగుతుంది. కందెన మరచితే కీచుమని మొర పెడుతుంది. బండివాడు దిగి కాస్త రాస్తాడు. టర్బోఛార్జరు ఇరుసు అంత వ్యవధి ఇవ్వదు. అది నిమిషానికి లక్ష, రెండు లక్షల సార్లు తిరుగుతుంది. ఆ వేగంలో కొన్ని క్షణాలు నూనె అందకపోతే చాలు, బేరింగు దెబ్బ తింటుంది.

ఇంజను విడిచే పొగలో ఇంకా ఎంతో శక్తి మిగిలి ఉంటుంది. దానిని వినియోగించే పద్ధతికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లో పేటెంటు పొందినాడు. వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండవ కొననున్న మరొక చక్రం బయటి గాలిని అదిమి ఇంజనులోనికి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చును. చిన్న ఇంజనే పెద్ద ఇంజను చాకిరీ చేస్తుంది. పెట్రోలు కార్లలో ఈ పొగ వేడి 900 డిగ్రీల సెంటిగ్రేడు దాటవచ్చును. అటువంటి చక్రానికి కొద్ది అంగుళాల దూరంలోనే, చాలా టర్బోలలో, ఇరుసు పలుచని నూనె పొరమీద తేలుతూ తిరుగుతున్నది. దీనికి ప్రత్యేకమైన నూనె లేదు. ఇంజనులో పోసిన నూనెయే ఇక్కడికీ వస్తుంది. లోహాలు ఒకదానినొకటి తాకకుండా చూడడం ఒక్కటే కాదు, వేడిని మోసుకొని పోవడం కూడా దాని పనియే.

ఈ రెండవ పనిని మనం తరచు మరచిపోతాము. "రెంటచింతల ఎండలకు పలుచని నూనె ఏమి ఆగుతుందండీ? 20డబ్ల్యు-50 పోయించండి" అని ఒక మెకానిక్కు నా మిత్రునికి సలహా చెప్పినాడు. వినడానికి సబబుగానే ఉన్నది. కాని బయట 20 డిగ్రీలున్నా, 45 డిగ్రీలున్నా థర్మోస్టాటూ రేడియేటరూ కలిసి ఇంజను చుట్టూ ఉన్న నీటిని సుమారు 90 డిగ్రీల దగ్గరే నిలుపుతవి. కాబట్టి మన ఎండల ప్రభావం బేరింగు దగ్గరకు చేరేసరికి చాలావరకు అణగిపోతుంది. చిక్కని నూనె మాత్రం తెల్లవారి ఇంజను స్టార్టు చేసినప్పుడు ఆలస్యంగా చేరుతుంది. సన్నని దారులలో తక్కువగా పారి, వేడిని తక్కువగా తీసుకొని పోతుంది.

డబ్బామీద 5డబ్ల్యు-30 అని ఉన్నదనుకొందాము. డబ్ల్యు చలికాలానికి గుర్తు. 5డబ్ల్యు అంటే సున్నకు దిగువ 30 డిగ్రీల చలిలో కూడా ఇంజను తిరగడానికి అడ్డుపడనంత పలుచన అన్నమాట. (లంబసింగిలో కూడా అంత చలి లేదు!) రెండవ అంకె 100 డిగ్రీల వేడిలో నూనె స్నిగ్ధతను, అనగా చిక్కదనాన్ని, తెలుపుతుంది. 9.3 నుండి 12.5 సెంటిస్టోకుల లోపు ఉంటే 30, అక్కడినుండి 16.3 లోపు ఉంటే 40. ఇది చిక్కదనానికి కొలతయే గాని మేలురకానికి కొలత కాదు.

ఒకే నూనె చలిలో పలుచగాను, వేడిలో తగినంత చిక్కగాను ఎట్లా ఉంటుంది? అందులో పొడవైన గొలుసులవంటి అణువులు కలుపుతారు. అవి చలిలో దారపుండలవలె ముడుచుకొంటవి. వేడికి విప్పారి, నూనె మరీ పలుచబడకుండా కాపాడుతవి. అయితే బేరింగులో ఇరుసుకూ గోడకూ మధ్య నూనె నలిగేటప్పుడు ఆ గొలుసులు ప్రవాహం దిక్కుకు సాగి పడుకొంటవి. అప్పుడు నూనె తాత్కాలికంగా పలుచబడుతుంది. అందుచేత 150 డిగ్రీల వేడిలో, బేరింగులో వలెనే నలుపుతూ, మరొకసారి కొలుస్తారు. ఈ కొలతలో కొన్ని 5డబ్ల్యు-30 నూనెలు 2.9 మిల్లిపాస్కల్-సెకండ్ల దగ్గర ఉంటవి. యూరపువారి ఏ.సి.ఇ.ఏ. సంస్థ ఏ3/బి4 అని గుర్తించే వర్గంలోని నూనె 3.5కు తగ్గరాదు. రెండు డబ్బాలమీదా ఉండేది 5డబ్ల్యు-30యే!

పెట్రోలు టర్బోలకు మరొక గండం ఉన్నది. పై గేరులోనే ఉంచి, తక్కువ వేగంలో యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు, సిలిండరులోనికి చిందిన నూనె-పెట్రోలు తుంపరలు స్పార్కు పడకముందే అంటుకొనవచ్చును. ఆ దెబ్బకు పిస్టను పగిలిన సందర్భాలున్నవి. నూనెలో మడ్డి పేరుకోకుండా కలిపే కాల్షియం సమ్మేళనాలు ఈ చేటుకు తోడ్పడతవనీ, మెగ్నీషియం సమ్మేళనాలకు ఆ గుణం చాలా తక్కువనీ పరిశోధనలలో తేలింది. అమెరికావారి ఎ.పి.ఐ. వర్గాలలో 2018లో ఎస్.ఎన్. ప్లస్, 2020లో ఎస్.పి. రావడానికి ఇది ఒక ముఖ్యకారణం. మసిని పట్టే వడపోత ఉన్న డీజిలు కార్ల సంగతి వేరు. నూనెలోని లోహాల బూడిద మసివలె కాలిపోక ఆ వడపోతలోనే నిలిచిపోతుంది గనుక, వాటికి తక్కువ బూడిద నిచ్చే ఏ.సి.ఇ.ఏ. సి-వర్గపు నూనె కావలె.

పిండివంటలు చేసిన మూకుడు అంచున జిగురుగా, నల్లగా అంటుకొనే పెచ్చును అందరూ చూసే ఉంటారు. ఘాటు రోడ్డు ఎక్కి, ఆగీ ఆగగానే ఇంజను కట్టివేస్తే టర్బోలో జరిగేదీ అదే. నూనె ప్రవాహం నిలిచిపోతుంది. చక్రం వేడి బేరింగు గదిలోనికి పాకుతుంది. అక్కడ మిగిలిన నూనె మాడి పెచ్చు కడుతుంది. సింథటిక్ నూనెలు ఈ మాడుడుకు ఎక్కువగా ఓర్చుకొంటవి. ఇప్పటి టర్బోలలో అనేకం చుట్టూ నీరు ప్రవహించే ఏర్పాటుతో వస్తున్నవి. అయినా ఎత్తు ఎక్కి వచ్చిన తరువాత ఒక నిమిషం ఇంజనును ఊరకే తిరగనిచ్చి ఆపడం మంచిది.

నా మిత్రుడు చివరకు కారుతోపాటు వచ్చిన పుస్తకం తెరిచి చూచినాడు. 5డబ్ల్యు-30, ఎస్.పి. అని ఉన్నది. దుకాణంలో డబ్బా వెనుకకు త్రిప్పించి, ఆ రెండు గుర్తులూ చదివి మరీ కొన్నాడు. మెకానిక్కు తల ఆడిస్తూనే పోసినాడట.