వాన ఆలస్యమైతే ఏ పంట వేయాలి? అనంతపురం మెట్ట రైతులకు సూచనలు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది దాదాపు 550 మి.మీ. వర్షమే. వాతావరణ మార్పుల వల్ల ఆ కాస్త వాన కూడా కొద్ది రోజుల్లోనే కుండపోతగా కురిసి, తర్వాత వారాల తరబడి ముఖం చాటేస్తోంది. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకున్న కుటుంబానికి దీనివల్ల ముప్పు ఎక్కువ. ఎకరాకు 60 కిలోల దాకా విత్తనం కావాలి. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు బెట్ట వస్తే ఆ పెట్టుబడి తిరిగి రాదు. అందుకే ఏటా వేసే పంటే వేయకుండా, పదును దొరికిన తేదీని బట్టి పంటను ఎంచుకోవాలి.

ఎప్పటి పదునుకు ఏ పంట?

• జులై ఆఖరు వరకు: వేరుశనగ వేసుకోవచ్చు. 7 లేదా 11 సాళ్లకు ఒక సాలు కంది తప్పక వేయాలి. కంది వేరు లోతుకు పోతుంది, ఆలస్యంగా పూస్తుంది. వేరుశనగ దెబ్బతిన్నా అక్టోబరు వానలకు కంది చేతికొస్తుంది.
• ఆగస్టు 15 వరకు: కంది, ఆముదం, జొన్న, సజ్జ, కొర్ర. కొర్రకు ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు కాబట్టి, పంట పోయినా విత్తన నష్టం తక్కువ.
• ఆ తర్వాత: ఉలవ, అలసంద. గింజ తగ్గినా పశువులకు, గొర్రెలకు మేత దక్కుతుంది.

నీటిని పొలంలోనే ఆపండి

వాలుకు అడ్డంగా విత్తండి. వేరుశనగలో ప్రతి 3.6 మీటర్లకు ఒక గొడ్డు సాలు తీస్తే వాన నీరు అక్కడే ఇంకుతుంది. సేద్యపు కుంట ఉంటే ఆ నీటిని కాయ ఊరే దశకు దాచుకోండి. ఎకరాకు 10 మి.మీ. తడి ఇవ్వడానికి సుమారు 40,000 లీటర్లు కావాలి. కుంటలో లక్ష లీటర్లు నిలిస్తే స్ప్రింక్లర్లతో రెండున్నర ఎకరాలకు ఒక తడి ఇవ్వవచ్చు.

ఇంట్లో ముందే చేసుకోవలసినవి

కొర్ర, ఉలవ, అలసంద విత్తనాలను వేసవిలోనే సమకూర్చుకోండి. వాన పడ్డాక వెతికితే దొరకవు, దొరికినా ధర ఎక్కువ. ఉన్న పొలమంతా ఒకే పంట వేయకండి. కొంత భాగం తిండి గింజలకు, మేతకు కేటాయించండి. పంట మార్చినప్పుడు ఈ-క్రాప్‌లో వేసిన పంటనే నమోదు చేయించండి. నమోదులో ఒకటి, పొలంలో మరొకటి ఉంటే నష్టపరిహారం అందడం కష్టం.

మీ నేలకు తగిన రకాల కోసం దగ్గరలోని రైతు సేవా కేంద్రాన్ని గానీ, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ సంప్రదించండి.