బోరుబావి, బొగ్గు, ఎండ: నారాయణఖేడ్ రైతుకు కరెంటు లెక్క

నారాయణఖేడ్ ప్రాంతములో వానకాలపు పంట మబ్బుమీద, యాసంగి పంట బోరుమీద ఆధారపడి యున్నవి. పత్తి, కంది, పెసర, మినుము వానతోనే గట్టెక్కును. యాసంగిలో శనగ, జొన్న, కొన్నిచోట్ల వరి, చెరకు సాగునకు మాత్రము మోటారు తిరుగవలసినదే. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటలు ఉచితముగా కరెంటు ఇచ్చుట మొదలైనది. అంతకు ముందు కరెంటు వంతు రాత్రిపూట వచ్చినచో చీకటిలో గట్లమీద నడచి పోవలసి వచ్చెడిది. పాములు, తేళ్లు, తడిచేతితో ముట్టిన స్టార్టరు డబ్బాలు ఎందరి ఇండ్లలో దుఃఖము నింపినవో మీకు చెప్పనక్కరలేదు. ఆ బాధ తగ్గుట మంచిదే. అయితే బిల్లు రానంత మాత్రమున ఖర్చు లేదని తలపరాదు. ఆ ఖర్చు రెండుచోట్ల వ్రాయబడుచున్నది: ఒకటి గోదావరి లోయలోని బొగ్గుగనిలో, రెండవది మీ చేనుక్రింది రాతిపొరలో. ఆ రెండు లెక్కలను ఇక్కడ చూతము.

మోటబావుల కాలమున నీటిని పైకి తెచ్చినది ఎద్దు. ఎద్దు తిన్న చొప్ప ఆ యేటి ఎండకు, ఆ యేటి వానకు పెరిగినది. చొప్ప మరల మరుసటి యేడు పెరుగును. ఇట్టి శక్తిని తరగని శక్తి అందురు. పుస్తకములలో దీనికే పునరుత్పాదక శక్తి అని పేరు. మోటలో మరియొక సుగుణము కూడ ఉండెను. ఎద్దులు పొద్దెక్కువరకే తోలగలవు, తరువాత విప్పవలెను. ఆ విరామములో బావి ఊరెడిది. మోటారుకు అలుపు లేదు. అది ఆగవలెనన్నచో మనమే ఆపవలెను.

ఇక బొగ్గు. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతములో బొగ్గును కనుగొన్నాడు. తరువాత అక్కడ గనులు వెలసి, 1920లో సింగరేణి కాలరీస్ సంస్థగా ఏర్పడినవి. కొత్తగూడెములో, రామగుండములో ఆ బొగ్గును కాల్చి, ఆవిరితో చక్రములు త్రిప్పి కరెంటు తీయుచున్నారు. ఒక యూనిట్ కరెంటుకు ఇంచుమించు ముప్పాతిక కిలో బొగ్గు కాలును. ఆ బొగ్గు కోట్లాది సంవత్సరముల నాటి అడవులు మన్ను క్రింద నలిగి ఏర్పడినది. ఒక బండెడు బొగ్గు త్రవ్వితిమన్నచో ఆ బండెడు మరల పుట్టదు. పెట్రోలు, డీజిలు కూడ ఇట్టివే. ఇవి తరిగిపోవు ఇంధనములు. పైగా వీటి పొగ గాలిలో చేరి భూమిని వేడెక్కించుచున్నది.

మన మంజీరపైననూ కరెంటు పుట్టుచున్నది. 1931లో పూర్తియైన నిజాంసాగర్ క్రింద, తరువాత కట్టిన సింగూరు క్రింద విద్యుత్ కేంద్రములున్నవి. సింగూరుది 15 మెగావాట్లు. నీరు చక్రము త్రిప్పి ముందుకు సాగిపోవును, తరిగిపోదు. కాని బాలాఘాట్ కొండలలో వాన పడి, బీదరు దాటి మంజీర పారిననే ఆ చక్రము తిరుగును. వాన తప్పిన యేడు అది నిలిచిపోవును. సరిగా ఆ యేడే మీకు బోరు నీటి అవసరము హెచ్చు. కనుక నీటి కరెంటును మాత్రమే నమ్ముకొనుటకు వీలులేదు.

ఇప్పుడు పెన్సిలు తీసుకొనుడు. ఒక యూనిట్ కరెంటు, ఏమాత్రము వృథా కానిచో, వెయ్యి లీటర్ల నీటిని 367 మీటర్ల ఎత్తునకు లేపగలదు. కాని పంపులో, మోటారులో, గొట్టములలో సగమునకు పైగా పోవును. మంచి స్థితిలోనున్న సెట్టు కూడ చేలలో నూటికి 40 పాళ్లు పనిచేసిన గొప్పే. అట్టి సెట్టుతో యూనిట్‌కు ఎంత నీరు వచ్చునో చూడుడు: నీరు 20 మీటర్ల లోతున ఉన్నచో సుమారు 7,300 లీటర్లు, 60 మీటర్లయినచో 2,450 లీటర్లు, 100 మీటర్లయినచో 1,470 లీటర్లు మాత్రమే. మోటారు అదే, కరెంటు అదే. నీరు క్రిందికి పోయినకొలది చేతికి వచ్చునది చిక్కిపోవును.

యాసంగి వరికి దుక్కి నుండి కోతవరకు 1,200 మిల్లీమీటర్ల నీరు పట్టుననుకొనుడు. అనగా ఎకరమునకు 48 లక్షల లీటర్లకు పైమాట. అరువది మీటర్ల లోతు నుండి తోడుటకు సుమారు 2,000 యూనిట్లు కావలెను. అంతయు బొగ్గు కరెంటే అయినచో 15 క్వింటాళ్ల బొగ్గు కాలినట్లు. ఎకరమునకు 25 క్వింటాళ్ల వడ్లు ఇంటికి తెచ్చుకొని, దాని వెనుక 15 క్వింటాళ్ల బొగ్గు బూడిద చేసితిమన్నమాట. అదే ఎకరములో శనగ వేసి, 50 మిల్లీమీటర్ల చొప్పున రెండు తడులిచ్చినచో 165 యూనిట్లతో సరిపోవును. వరికి పండ్రెండోవంతు. ఖేడ్ పరిసరముల నల్లరేగడికి శనగ ఎటులనూ అచ్చివచ్చిన పంటయే.

బొగ్గు సంగతి సర్కారు చూచుకొనును, మాకేమి అని మీరనవచ్చును. సరే, రెండవ లెక్క మీ సొంతము. ఈ ప్రాంతము చాలవరకు నల్లరాతి పొరలమీద ఉన్నది. ఇసుక నేలలవలె ఇది నీటిని దండిగా పట్టదు. మెత్తబడిన పైపొరలోను, పగుళ్లలోను ఉన్నదే నీరు. యేటి వానలో భూమిలోనికి దిగునది సుమారు పదోవంతు. ఒక యేడు 800 మిల్లీమీటర్లు కురిసినదనుకొన్నచో 80 మిల్లీమీటర్లు దిగును. వరికి కావలసినది 1,200. అనగా ఎకరము వరికి 15 ఎకరముల ఇంకుడు నీరు కావలెను. మడి నీటిలో కొంత మరల క్రిందికి దిగును, నిజమే. సగము తిరిగి వచ్చినదనుకొన్ననూ ఏడున్నర ఎకరముల ఇంకుడు ఒక్క ఎకరము మింగును. మూడెకరముల రైతు ఒక ఎకరము యాసంగి వరి వేసినచో మిగిలిన నీరు ఎవరిది? పక్క చేనువానిది, లేదా నిరుటి నిలువ. నిలువ తీసి వాడిన నీరు బొగ్గువంటిదే, తరిగిపోవు సరుకు. లోతైన పగుళ్లలో ఏండ్ల తరబడి చేరిన నీటిని రెండు యాసంగులలో తోడి, మూడవ యేట మరియొక బోరు వేయించుట ఎన్ని కుటుంబములను అప్పులలోనికి దింపినదో ప్రతి ఊరికి తెలియును. బోరునకు బోరునకు మధ్య దూరము, అనుమతి ఉండవలెనని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము చెప్పుచున్నది గాని, రెండు బోర్లు ఒకే పగులును తోడునప్పుడు చట్టము వచ్చి నీరు నింపదు.

మరి ఏమి చేయవలెను? 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత విద్యుత్తు వచ్చినపుడు దానితోపాటు కొన్ని షరతులు కూడ పెట్టిరి: మోటారుకు కెపాసిటరు, ఒరిపిడి తక్కువ గల ఫుట్‌వాల్వు, నున్నని ప్లాస్టిక్ గొట్టములు, ఐ.ఎస్.ఐ. ముద్రగల పంపుసెట్టు. చాలమంది వాటిని కాగితపు షరతులుగానే చూచిరి. నిజమునకు అవి రైతు మేలుకే ఉద్దేశింపబడినవి.

కెపాసిటరు చిన్న డబ్బా. 5 హెచ్.పి. మోటారుకు 2 కె.వి.ఎ.ఆర్. ది చాలును. అది పెట్టినచో మోటారు లైనునుండి గుంజు కరెంటు ఇంచుమించు ఆరోవంతు తగ్గును. ఒక్కరు పెట్టిన పెద్ద తేడా కనిపించదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులందరు కలిసి పెట్టినచో వోల్టేజి నిలబడును, మోటార్లు కాలుట తగ్గును. మోటారు కాలిన ప్రతిసారి వైండింగు ఖర్చు, దానికన్న ముఖ్యముగా పూతదశలో ఆగిన తడి గుర్తు చేసుకొనుడు.

గొట్టము సంగతి ఇంకను సులభము. అంతే నీరు పారునపుడు రెండంగుళాల గొట్టములో కలుగు ఒరిపిడి రెండున్నర అంగుళాల గొట్టములో మూడోవంతుకు దిగును. దూరపు చేనుకు నీరు తీసుకొనిపోవువారు గొట్టము సన్నముగా కొని, మోటారు పెద్దది బిగించుచున్నారు. ఇది తలక్రిందుల పని. బోరు ఎంత ఊరునో, నీరు ఎంత లోతున ఉన్నదో కొలిచి, దానికి తగిన పంపునే కొనుడు. అంగుళము నీరు ఊరు బోరులో రెండంగుళాల పంపు దింపినచో అది కొంతసేపు నీరు, కొంతసేపు గాలి పోయును. చెరకు, కూరగాయలు వేయువారు బిందుసేద్యమునకు మారినచో నీరు తగ్గును, నీటితోపాటు యూనిట్లు తగ్గును.

ఆటోస్టార్టరును గూర్చి కొంచెము గట్టిగానే చెప్పవలసియున్నది. కరెంటు గంటల లెక్కన వచ్చు రోజులలో దానికి అర్థముండెను. రోజంతయు కరెంటు ఉండగా అది మోటారును రాత్రింబవళ్లు త్రిప్పును; మీరు నిద్రలో ఉండగా నీరు గట్టు తెగి బాటమీద పారును. కరెంటు పోయి వచ్చిన క్షణమున ఊరి మోటార్లన్నియు ఒకేసారి లేచును. లేచునపుడు మోటారు మామూలుకన్న ఐదారు రెట్లు కరెంటు లాగును, ఫ్యూజులు ఎగిరిపోవును. దీనిని తీసివేయుటకు పైసా ఖర్చు లేదు.

ఎండ మాటకు వత్తము. ఒక కిలోవాటు సౌరపలకలు మన ప్రాంతములో రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇచ్చును. 5 హెచ్.పి. పంపుకు సుమారు 5 కిలోవాట్ల పలకలు కావలెను. పగలే నడచును, పొగ లేదు, బొగ్గు లేదు. 2019లో మొదలైన పి.ఎం. కుసుమ్ పథకములో బంజరు భూమిలో 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు సౌరకేంద్రము పెట్టి, కరెంటును విద్యుత్ సంస్థకు అమ్ము ఏర్పాటు చేసిరి. అట్టి కేంద్రమునకు మెగావాటుకు నాలుగైదు ఎకరములు పట్టును. అయితే ఒక హెచ్చరిక. పలకలు బిగించిన తరువాత ఎండకు బిల్లు లేదు గనుక, తోడుటకు మరల హద్దు లేకుండ పోవును. తరగని ఎండతో తరిగిపోవు నీటిని తోడినచో బావి మాత్రము ఎండును. గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండి గ్రామములో 2016 నాటికి కొందరు రైతులు సహకార సంఘముగా ఏర్పడి, సౌరపంపులకు వాడగా మిగిలిన కరెంటును విద్యుత్ సంస్థకు అమ్మసాగిరి. నీరు తోడకుండిననూ ఆదాయము వచ్చునపుడు మోటారు ఆపుటకు చేయి తొందరగా పోవును. మిగులు కరెంటును కొను ఏర్పాటు మీకు వర్తించునో లేదో వ్యవసాయ విస్తరణాధికారిని, విద్యుత్ కార్యాలయమును అడిగి తెలిసికొనుడు.

వంటింటి ఇంధనమును మరువరాదు. కంది కట్టె, పత్తి కట్టె ఈ ప్రాంతపు పొయ్యిలలో మండుచున్నవి. కట్టె తరగని ఇంధనమే, కాని పొగ స్త్రీల ఊపిరితిత్తులకు చేటు. పొగ గొట్టము గల పొయ్యిని 1950లలోనే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టర్ ఎస్.పి. రాజు రూపొందించినారు. దానికి హెర్ల్ చుల్లా అని పేరు. పశువులున్న ఇంట గోబరు గ్యాసు ఇంకను మేలు. నాలుగైదు పశువుల పేడ, అనగా రోజుకు 50 కిలోలు, రెండు ఘనపు మీటర్ల గ్యాసునిచ్చి ఐదారుగురి వంట గడుపును. పిడకలు చేసి కాల్చినచో పేడలోని ఎరువు పోవును. గ్యాసు తీసిన తరువాత మడ్డి చేనుకే చేరును.

చివరగా నీరు కొలుచు పని. మహబూబ్‌నగర్, నల్గొండ, అనంతపురం మొదలగు ఏడు జిల్లాలలో 2003 తరువాత కొన్ని సంవత్సరములు రైతులే వాన కొలిచి, బావుల లోతు కొలిచి, ఊరంతా కూర్చుండి యాసంగికి ఏ పంట ఎన్ని ఎకరములని లెక్క వేసికొన్నారు. వారికి వచ్చినది మీకును వచ్చును. ఊరిలో వాడకములేని బోరును ఒకదానిని, లేక పాత మోటబావిని ఎన్నుకొనుడు. సన్నని తాడుకు మీటరుకొక ముడి వేసి, చివర చిన్న బరువు కట్టి దింపుడు. నీరు తగిలినచోట తాడు తడియును. ప్రక్కన ఉన్న మోటార్లను ఒక రాత్రి ఆపిన తరువాతనే కొలువవలెను, లేనిచో తప్పు అంకె వచ్చును. నవంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి కొలువుడు. తేదీని, లోతును పంచాయతీ గోడమీద రంగుతో వ్రాయించుడు. నవంబరు అంకె నిరుటికన్న లోతుగా ఉన్నచో ఆ యాసంగికి వరి గుంటలు తగ్గించి, శనగ విత్తనము అదనముగా తెచ్చుకొనుడు.