మీకు తెలుసా? కాలికి తొడిగే రెక్కల సంగతి

సముద్రంలో డైవింగ్ చేయడానికి పుదుచ్చేరికో, విశాఖ రుషికొండకో వెళ్తున్నారా? అయితే ముందు కాలికి తొడిగే రెక్కల, అంటే ఫిన్స్ సంగతి చూడండి.

ఫ్రాన్స్‌కు చెందిన లూయీ ద కోర్లియు వీటికి 1933లో పేటెంట్ పొందాడు. సిలిండర్ మోస్తూ రాళ్ళ మధ్య మలుపులు తిరిగే స్కూబాకు పొట్టి, దృఢమైన ఫిన్స్ నప్పుతాయి. ఒక్క ఊపిరితో దిగే ఫ్రీడైవింగ్‌కు పొడవాటి పలక ఉన్న ఫిన్స్ కావాలి. నిదానంగా కాలాడించినా దూరం సాగుతుంది, ఆక్సిజన్ ఆదా అవుతుంది. కార్బన్ ఫైబర్ తేలికే, కానీ రాయి గట్టిగా తగిలితే పగలొచ్చు, ఖరీదూ ఎక్కువే. కొత్తవాళ్ళకు మెత్తటి ప్లాస్టిక్ పలకే మేలు. గట్టిదైతే పిక్కలు పట్టేస్తాయి. పాదం దూర్చే తొడుగు బిగుతైతే తిమ్మిరి, వదులైతే బొబ్బలు. చెప్పుల సైజు నమ్మకండి, తొడిగి చూసే కొనండి.