యంత్రముతో గుడ్లు పొదిగించుట

ఇబ్రహీంపట్నములో, కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువునకు దగ్గరలో మా మేనత్తగారి ఇల్లు కలదు. ఆమె పెరటిలో ఎప్పుడును పదిహేను, ఇరువది కోళ్ళు తిరుగుచుండెడివి. ఒక ఏడు కొక్కెర వ్యాధి వచ్చి వారము దినములలో గంపలన్నియు ఖాళీ అయినవి. కొంతకాలమునకు ఆమె మూడు నాటుపెట్టలను, ఒక పుంజును తెచ్చుకొన్నది. పెట్ట పొదుగునకు కూర్చున్నచో గుడ్లు పెట్టుట మానును. పిల్లలు ఎదుగువరకు మరల పెట్టదు. ఆ లెక్కన మంద కూడుటకు చాలకాలము పట్టునని, దాచుకొన్న డబ్బుతో ఒక చిన్న పొదుగు యంత్రమును, అనగా ఇంక్యుబేటరును, కొన్నది. కొని మాకు కబురు పంపినది: “రేడియోల ఇన్ని ముచ్చట్లు చెప్తవు గద బిడ్డా, దీని ముచ్చట గూడ జర చెప్పు.”

వెళ్ళితిమి. అది వైశాఖమాసము. 24 గుడ్లు పెట్టితిమి. పిల్లలైనవి మూడు. నాలుగవది మా చేతిలోనే చనిపోయినది. ఆ తరువాత పశువైద్యుల నడిగి, పుస్తకములు చూచి, మేము చేసిన తప్పులను ఒక్కొక్కటిగా తెలిసికొంటిమి. మొదటిసారి ఈ పనికి పూనుకొనువారికి అవి ఉపయోగపడునని ఇచట చెప్పుచున్నాము.

మొదట కోడి ఏమి చేయునో చూడవలెను. అది తన ఒంటి వేడిని గుడ్లకు ఇచ్చును. ముక్కుతో వాటిని దినమునకు పెక్కుమారులు త్రిప్పును. మేతకు కొద్దిసేపు మాత్రమే దిగి మరల వచ్చి కూర్చుండును. ఇట్లు 21 దినములు గడచును. యంత్రము వీనిలో వేడి నిచ్చుట ఒక్కటే తనంతట తాను చేయును. కొన్ని యంత్రములు గుడ్లను త్రిప్పును గూడ. తక్కినదంతయు మన వంతు.

గుడ్ల ఎంపికతోనే పని ప్రారంభమగును. అంగడిలో అమ్ము ఫారము గుడ్లు ఎన్ని దినములు పొదిగించినను పిల్లలు కావు. ఆ పెట్టల మధ్య పుంజు ఉండదు. పుంజుతో తిరుగు పెట్టల గుడ్లనే తీసికొనవలెను. బీటలు వారినవి, మరీ పెద్దవి, మరీ చిన్నవి వలదు. గుడ్డును కడుగరాదు, పెంకుపై నున్న సన్నని పొర సూక్ష్మక్రిములను లోపలికి పోనీయక కాపాడును.

కోడి పెట్టునప్పటికే గుడ్డులో జీవము పెరుగుట ప్రారంభించియుండును. బయట చల్లదనము తగులగానే ఆ పెరుగుదల నిలిచిపోవును. కావున పొదుగునకు పెట్టువరకు గుడ్లను 15 మొదలు 18 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో, వారము దినములకు మించకుండ ఉంచవలెను. మేము 24 గుడ్లు కూడుటకై పండ్రెండు దినములు ఆగితిమి. వానిని ఎండకు కాగిన గదిలో ఉంచితిమి. అట్టి వేడిలో జీవము పూర్తిగా నిలువక, సరిగా పెరుగక నశించును. మా గుడ్లలో సగమునకు పైగా యంత్రములోనికి పోకముందే చెడినవన్నమాట.

ఇక వేడి సంగతి. లోపల పంకా గల యంత్రములో 37.5 డిగ్రీలు ఉండవలెను. పంకా లేనిదానిలో వేడిగాలి పైకి చేరును గనుక, గుడ్ల పైభాగము ఎత్తున కొలిచినపుడు 38.5 మొదలు 39 వరకు ఉండవచ్చును. యంత్రము చూపు అంకెను గ్రుడ్డిగా నమ్మక, జ్వరము చూచు థర్మామీటరుతో ఒకమారు సరిపోల్చుకొనుట మంచిది. గుడ్లు పెట్టుటకు ముందు ఒక దినమంతయు ఖాళీ యంత్రమును నడిపి, వేడి నిలకడగా నున్నదో లేదో చూడవలెను. మరొక్క విషయము: ఇట్టి చిన్న యంత్రము వేడి చేయగలదు గాని చల్లార్చలేదు. మన ప్రాంతమున వేసవిలో గది వేడి 40 డిగ్రీలు దాటినపుడు పెట్టెలోని వేడి అంతకు మించును. కొంత చల్లదనమునకు ఓర్చుకొను పిండము అధికమైన వేడికి ఓర్వదు. కావున వేసవిలో ఈ పనికి పూనుకొనకుండుటయే మేలు.

ఈజిప్టు దేశమున ప్రాచీనకాలము నుండియు మట్టి ఇటుకల ఆవములలో గుడ్లు పొదిగించెడివారు. అచటి పనివారు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడిని అంచనా కట్టెడివారు. వారికి థర్మామీటరు లేదు, ఏమరుపాటును లేదు.

గుడ్లను దినమునకు మూడు మారులో, ఐదు మారులో త్రిప్పవలెను. త్రిప్పనిచో పచ్చసొన పైకి తేలి, పిండము పెంకులోని పొరకు అంటుకొనిపోవును. పెన్సిలుతో ఒకవైపు సున్నయు, రెండవవైపు ఇంటూ గుర్తును పెట్టుకొన్నచో పొరపాటు రాదు. బేసి లెక్క ఎందుకనగా, రాత్రి చాలసేపు ఒకేవైపున ఉండు గుడ్డు మరునాటి రాత్రి రెండవవైపున ఉండును. 18వ దినముతో త్రిప్పుట ఆపివేయవలెను.

గాలిలో తేమ మొదటి 18 దినములు నూటికి 50 మొదలు 55 వరకు, పిదప 65 మొదలు 70 వరకు ఉండవలెను. యంత్రములోని పళ్ళెమున నీరు పోయుట ఇందులకే. ఈ కాలములో గుడ్డులోని నీరు కొంత ఆవిరియై, వెడల్పు కొనలోని గాలిగది పెరుగును. 45 గ్రాముల గుడ్డు 18వ దినమునకు సుమారు 40 గ్రాములు తూగినచో తేమ సరిపోయినదని గ్రహింపవచ్చును.

ఏడవ దినమున చీకటిగదిలో గుడ్డు వెనుక టార్చిలైటు పెట్టి చూడవలెను. ఎఱ్ఱని నరములు సాలెగూడువలె కనిపించినచో జీవమున్నది. ఏమియు లేక తేటగా నున్నచో ఆ గుడ్డు పనికిరాదు. రక్తము వలయముగా నిలిచినచో పిండము చనిపోయినదని అర్థము. అట్టివానిని తీసివేయనిచో క్రుళ్ళి, పగిలి, తక్కినవానిని చెఱచును.

కరెంటు పోయినచో కంగారుపడి మూత తీయరాదు. యంత్రముపై దుప్పటి కప్పి, గాలి రంధ్రములను మాత్రము మూయక వదలవలెను. మొదటి వారములలో కొద్ది గంటల చల్లదనమునకు గుడ్లు ఓర్చుకొనును. కడపటి దినములలో పిల్లలే కొంత వేడిని పుట్టించును.

ఇక కడపటి మూడు దినములు. 20వ దిన ప్రాంతమున పిల్ల మొదట గాలిగదిలోనికి ముక్కు చొప్పించి ఊపిరి తీసికొనును. గుడ్డులోనుండి కిచకిచ వినిపించును. పిదప పెంకుపై చిన్న బీట కనిపించును. ఆ బీటకును పిల్ల వెలికివచ్చుటకును మధ్య 12 మొదలు 24 గంటలు పట్టవచ్చును. చూచువారికి పిల్ల చిక్కుకొన్నదనియే తోచును. మాకును అట్లే తోచినది. జాలిపడి మూత తీసి, గోటితో పెంకు వొలిచితిమి. రక్తము కారినది, కొద్దిసేపటికే పిల్ల చనిపోయినది. ఆ విరామములో పొరలోని నరముల రక్తము పిల్ల ఒంటిలోనికి చేరుననియు, మిగిలిన పచ్చసొన కడుపులోనికి పోవుననియు మాకు అప్పుడు తెలియదు. పైగా మూత తీసినప్పుడు తేమ పోయి, తక్కిన గుడ్లలోని పొర ఎండి, పిల్లలను బిగించివేసినది. మా మేనత్త ఏమియు అనలేదు. చచ్చిన పిల్లను కొంగున చుట్టి పెరటిలోనికి తీసికొనిపోయినది.

కార్తీకమాసమున మరల ప్రయత్నించితిమి. ఆరు దినములలో కూడిన 12 గుడ్లనే పెట్టితిమి. ఏడవ దినమున రెండు తేటగా నుండగా తీసివేసితిమి. 18వ దినము మొదలు యంత్రమునకు గుడ్డ కట్టి, మూత ముట్టరాదని ఇంటిలోనివారికందరికిని చెప్పితిమి. ముఖ్యముగా మాకు మేము చెప్పుకొంటిమి. ఎనిమిది పిల్లలు వచ్చినవి. రెండు పెంకులోనే చనిపోయినవి. మొదటిసారితో పోల్చిన ఇది చాల మేలు.

తడి ఆరి నూగు విచ్చుకొన్న తరువాతనే పిల్లలను బయటకు తీయవలెను. కడుపులోని పచ్చసొన బలముతో అవి రెండు దినములు మేత లేకున్నను ఉండగలవు. పిదప గంపక్రింద బల్బు వెలిగించి, మొదటి వారము 35 డిగ్రీల వేడి నిచ్చి, వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గించవలెను.

రంగారెడ్డి జిల్లా రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను జాతులను రూపొందించినది. ఇవి సంకరజాతులు. వీని గుడ్లను ఇంట పొదిగించినచో తల్లి గుణములు పిల్లలకు సరిగా రావు. వానిని కోరువారు పిల్లలనే కొనుట మంచిది. ఇంటి యంత్రమునకు నాటుకోడి గుడ్లే తగినవి.

ఐదవ దినము మొదలు ఏడవ దినము లోపల పశువుల ఆసుపత్రివారి సలహాతో కొక్కెర వ్యాధి టీకా చుక్కలు వేయించవలెను. మా మేనత్త ఆరవనాడు ఎనిమిది పిల్లలను గంపలో పెట్టుకొని తానే నడచి వెళ్ళి వేయించుకొని వచ్చినది. అంతకుముందు పోయిన మంద ఆమెకు గుర్తున్నది.