నొప్పి లేకుండా పోయే చూపు



మా సంఘములో ఇరవై ఏండ్లుగా ఆదివారము వాక్యపఠనము చేస్తున్న పెద్దాయన ఒకరున్నారు. ఒక ఆదివారము ఆయన వచనము మధ్యలో ఆగిపోయారు. అక్షరాలు వంకరగా కనబడుతున్నాయనీ, నడిమధ్యలో పొగ కమ్మినట్లున్నదనీ చెప్పారు. చత్వారమనుకొని పట్నములో అద్దాలు మార్పించారు. మూడు నెలలకు మరల మార్పించారు. మేము ఆయన తలమీద చేతులుంచి ప్రార్థన చేశాము గాని, "పెద్దయ్యా, మీకు షుగరు ఎంత ఉన్నది?" అని ఒక్కసారి అడుగలేదు. ఆ తప్పు మాదే. రెటీనా డాక్టరు దగ్గరకు చేరేసరికి కుడికన్ను చాలావరకు పోయింది.

"నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారలేదు. మరి చూపు ఎట్లా పోయింది అయ్యగారూ?" అని ఆయన అడిగారు. అప్పుడు మా దగ్గర జవాబు లేదు. డాక్టరుగారిని అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

మన పల్లెల్లో కంటి నరము అంటాము గాని, రెటీనా అనేది కంటి వెనుక గోడకు అంటుకొని ఉండే పలుచని పొర. దాని మందము అర మిల్లీమీటరుకు మించదు. నొప్పిని తెలిపే నరములు దానిలో లేవు. వెంట్రుకకన్నా సన్నని రక్తనాళములు దానిని పోషిస్తాయి. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ నాళములు, వాటి చుట్టూ ఉన్న కణములు దెబ్బతిని, ఆపద వచ్చిందని కబురు పంపుతాయి. ఆ కబురు మోసే పదార్థములను సైటోకైన్లు అంటారు. ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్. అనేవి వాటిలో కొన్ని.

ఊరిలో గడ్డివాము అంటుకుంటే డప్పు కొడతారు. అందరూ బిందెలతో పరుగెత్తి, మంట ఆర్పి ఇండ్లకు పోతారు. అది మేలే. దెబ్బ తగిలినచోట వాచి మానడము కూడా ఇటువంటిదే. అయితే ఆ డప్పు రాత్రింబగళ్ళు, ఏండ్ల తరబడి ఆగకుండా మ్రోగితే? పరుగెత్తిన జనము చేలు త్రొక్కుతారు, గట్లు తెంచుతారు. షుగరున్న కంటిలో జరిగేది అదే. తెల్ల రక్తకణములు వచ్చి సన్నని నాళముల గోడలకు అతుక్కుంటాయి. కొన్ని నాళములు మూసుకుపోతాయి, కొన్ని కారుతాయి. అక్షరములు చదివే నడిమి భాగములో నీరు చేరుతుంది. రక్తము అందని భాగము వి.ఇ.జి.ఎఫ్. అనే మరొక పదార్థమును విడుదల చేస్తుంది. దాని వలన క్రొత్త నాళములు మొలుస్తాయి గాని అవి బలహీనమైనవి. అవి చిట్లి కన్నంతా రక్తము నిండవచ్చు.

ఇటువంటి పదార్థమొకటి కంటిలో ఉండాలని ఐజాక్ మైకేల్సన్ అనే కంటి వైద్యుడు 1948లోనే ఊహించారు. 1989లో అమెరికాలో నెపోలియన్ ఫెరారా దానిని వేరుచేసి పేరుపెట్టారు. 1994లో షుగరు రోగుల కంటి ద్రవములోనే అది ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

మరొక సంగతి. కీళ్ళవాతమునకు ఆస్పిరిన్ జాతి మందులు వాడే షుగరు రోగులలో ఈ కంటి జబ్బు తక్కువగా ఉన్నదని 1964లో ఇద్దరు వైద్యులు వ్రాశారు. ఎంతో ఆశ పుట్టింది. కాని 3,711 మందితో జరిగిన పెద్ద పరిశోధనలో ఆస్పిరిన్ ఈ జబ్బును ఆపలేదని 1991లో తేలింది. కనుక మందుల షాపులో బిళ్ళలు కొని మ్రింగి ఊరుకోకండి. (మనవాళ్ళకు ఈ అలవాటు ఎక్కువ.)

ఇప్పుడు వి.ఇ.జి.ఎఫ్.ను అణచే మందును కంటిలోనికే ఇంజక్షనుగా ఇస్తారు. కంటిలో సూది అనగానే మా పెద్దాయన గడగడలాడారు. ముందు మత్తు చుక్కలు వేస్తారు, పని క్షణాలలో ముగుస్తుంది. మొదట నెలకొకటి చొప్పున చాలాసార్లు వేయించుకోవాలి. కొంచెము నయమవగానే మానివేస్తే మరల నీరు చేరుతుంది. వాపు తగ్గనివారికి స్టెరాయిడ్ వేస్తారు. అది డప్పునే ఆపుతుంది గాని కంటి ఒత్తిడిని, శుక్లమును పెంచగలదు. క్రొత్త నాళములకు లేజర్ చికిత్స కూడా ఉన్నది. పోయిన చూపంతా తిరిగి రాదు. మిగిలినది చాలామందిలో నిలుస్తుంది.

ఇంజక్షనుకు పోవడము అవిశ్వాసమని ఒక సహోదరుడు అన్నాడు. ప్రభువు గ్రుడ్డివాని కన్నులకు బురద పూసి, సిలోయము కోనేటికి పోయి కడుగుకొమ్మని పంపలేదా? వాడు నడిచి వెళ్ళవలసి వచ్చింది. పౌలుకు తోడుగా ఉన్న లూకా వైద్యుడే గదా!

షుగరు ఉన్నదని తెలిసిన సంవత్సరమే, తరువాత ఏటేటా, చూపు బాగున్నా సరే, చుక్కలు వేయించుకొని రెటీనా చూపించుకోవాలి. షుగరున్న సహోదరీలు గర్భవతులైతే మొదటి నెలలలోనే వెళ్ళాలి. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది గనుక బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకువెళ్ళండి. షుగరుతో పాటు బి.పి. కూడా అదుపులో ఉండాలి.

మా పెద్దాయన ఇప్పుడు ఎడమకంటితో పెద్దక్షరముల బైబిలు చదువుతున్నారు. వచ్చే మంగళవారము ఆయనకు నాలుగవ ఇంజక్షను. ఈసారి తమ్ముణ్ణి కూడా వెంట తీసుకుపోతున్నారు. అతనికి షుగరు వచ్చి ఆరేండ్లయింది. ఇంతవరకు కంటిలో చుక్క వేయించుకోలేదు.